సూది కనపడే నేల

వేలూరు రోడ్డులో అంగడి.
బయట ఎండ, లోపల నూరు బల్బులు.
అన్ని బల్బుల కింద ఏ రాయైనా
పెండ్లికూతురి మాదిరే ఉంటాది.

మా ఆయన మొగిలీశ్వర,
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తూకాలు రాసే మనిషి,
తెల్లటి టైలు ముందర వంగి
తల దువ్వుకున్నాడు.
"ఇదేమ్మే. అద్దం!"
అద్దం గోడకు గదా ఉండాల్సింది, అన్నాను.
అంగడి పిల్లోడు నవ్వినాడు.
ధర చెప్పేటప్పుడు మాత్రం నవ్వలేదు.

నాకు కావాల్సింది వేరే.
ఇరవై రెండేండ్లుగా ముందర గదిలో
జాకెట్లు కుడతా ఉండాను.
రోజుకొక సూదన్నా చేయి జారతాది.
గ్రీమ్స్‌పేటలో కరెంటు పోయిన సందేళ
అది యాడ పడిందో చెప్పాల్సింది నేలే:
ముందు చప్పుడుతో,
తర్వాత మెరుపుతో.

పాత ఎర్రగచ్చు చెప్పేది.
మా అత్త కొబ్బరినూనె గుడ్డతో
రుద్ది రుద్ది నున్నగా చేసిన గచ్చు అది.
మే నెల మధ్యాన్నం చెంప ఆనించి పడుకుంటే
లేచేసరికి చెంప మీద చల్లదనం
ఇంకా కొంచేపు ఉండేది.
ఇప్పుడు నిండా పగుళ్ళు.
పగుళ్ళలో హుక్కులు, గుండీలు, చీమల దార్లు.
పొరక పట్టిన ప్రతిసారీ
కసువుతో పాటు కొంచెం నేల కూడా వస్తా ఉండాది.

అంగడికి రమ్మంటే అత్త రాలేదు.
"రంగు మీరు చూసుకోండి. జారని మాట
నాకు చెప్పండి" అనింది.

నాలుగు ముక్కలు అడిగి సంచిలో తెచ్చినాను,
జాకెట్ గుడ్డ పట్టుకుని పోయి
లైనింగ్ తెచ్చుకునేదాని మాదిరి.
ఇంటి రంగు ఇంటి వెలుతుర్లోనే గదా తేలేది.

తెల్లదాని మీద సూది వేసినాను.
పాలల్లో పడినట్టు మాయం.
నల్ల గ్రానైట్ మీద వెంటనే దొరికింది.
బోరు నీళ్ళతో తుడిచి ఆరబెడితే
ఉప్పు తెల్లగా గీతలు తేలింది,
నదులు ఎండిపోయిన పటం మాదిరి.
మూడోది కట్టె అన్నారు. కట్టె కాదు,
కట్టెకు తీసిన ఫోటో.
సూది పోయి దాని గీతల్లో గీతై పడుకుంది.

నాలుగోదానికి ఏదో పరదేశపు ఊరి పేరు.
అత్త చూసి "రాగిపిండి" అనింది.
నిజమే, జల్లెడ పట్టని రాగిపిండి:
బూడిద కానిది, గోధుమ కానిది,
చేత్తో రాస్తే సన్నంగా గరుకు.
నూనె చుక్క వేసినాను. గుడ్డకు వచ్చేసింది.
అత్త తడి కాలు పెట్టింది.
మళ్ళా పెట్టింది.
"జారలేదు. చల్లగానూ లేదు" అనింది.
సూది మాత్రం
రాగిపిండిలో వెండ్రుక మాదిరి
తలెత్తి చూసింది.

ఏకాంబరం మేస్త్రి సుత్తితో తట్టి తట్టి విన్నాడు.
"గచ్చు పగలగొడితే నెల రోజులు దుమ్ము.
దాని మీదే అతికిస్తే అరంగుళం లేస్తాది,
తలుపుల అడుగు కొయ్యాల. మీ ఇష్టం."
లగ్గాల నెల. నలభై జాకెట్లు ఉండాయి చేతిలో.
తలుపులే కొయ్యమన్నాను.
పట్టు కోసం గచ్చుకు గాట్లు పెడతా ఉంటే
మిరప్పొడి మాదిరి ఎర్రగా లేచింది దుమ్ము.
అత్త గమ్మున వాకిట్లోకి పోయి కూర్చుంది.
నేను పిలవలేదు.

హుక్కులు, గుండీలు, చీమల దార్లు
అన్నీ అడుగునే ఉండిపోయినాయి.

తెల్ల టైలు బాత్రూము గోడకు వేయించినాం.
మొగిలీశ్వర రోజూ ఆడే తల దువ్వుకుంటాడు.
ఐదు రాగిపిండి టైళ్ళు మంచం కింద దాచినాం.
"పగిలితే మళ్ళీ ఇదే రంగు దొరకదు,
బ్యాచ్ మారితే తేడా వస్తాది" అన్నాడు ఏకాంబరం.

మొదటి రాత్రే కరెంటు పోయింది.
సూది జారింది.
పాత నేల మీద మెత్తగా పడేది,
ఈ నేల కొంచెం గట్టిగా మాట్లాడతాది.
నాకు ఆ యాస ఇంకా తెలవదు.
వంగి తడుముతా ఉంటే
చీకట్లో నుంచి అత్త,
కండ్లు తెరిచిందో లేదో,
"మిషను పెడలు పక్కన" అనింది.

ఉండింది.